పక్కలు చదివే పిన్ని

మందిరం వెనక మూడు గదులు, పదకొండు మంచాలు. సువార్త పని మీదో, వైద్య శిబిరం పెట్టడానికో, పిల్లలకు తరగతులు నడపడానికో తిరిగేవాళ్ళు వచ్చి దిగే చోటు అది. ఆ గదులను ఇరవై ఆరేళ్ళు చూసుకున్న మనిషిని అందరూ దుప్పట్ల పిన్ని అనేవారు. అసలు పేరు సంఘం పుస్తకంలో ఎక్కడో ఉండే ఉంటుంది. పాస్టర్‌గారు ఆమెకంటే నాలుగేళ్ళు పెద్ద, అయినా ఆయనా పిన్ని అనే పిలిచేవారు.

మేం వ్యాను దిగిన సాయంత్రం ఆమె తాళాల గుత్తితో గుమ్మంలో నిలబడి ఉంది. పొట్టి మనిషి. ఎప్పుడూ నీళ్ళలో నానే వేళ్ళు, కొసలు తెల్లబడి ముడతలు పడి ఉన్నాయి. గదులు చూపించింది. ఏ కుళాయి ఎంతసేపు తిప్పితే నీళ్ళు వస్తాయో, ఏ కిటికీ రెక్కను భుజంతో నెడితే తప్ప మూసుకోదో చెప్పింది. చివర్లో ఒకే ఒక్క షరతు పెట్టింది.

"పొద్దున లేచాక పక్కలు మడవకండి. ఎలా లేచారో అలాగే వదిలేసి వెళ్ళండి. మిగతాదంతా మీ ఇష్టం."

ఇలాంటి మాట చెప్పే మనిషి కోసం చిన్నప్పటి నుంచీ వెతుకుతున్నానని మా ఆయన అన్నాడు.

"మరి పెళ్ళికి ముందే దొరకాల్సింది బాబూ," అని పిన్ని నా వైపు ఒకసారి చూసింది. "ఈ అమ్మాయి మడిచే రకం."

అప్పటికే నేను మంచం పరుపును చేత్తో తడిమి చూస్తున్నాను. చంకలో పద్నాలుగు నెలల పాప. నేను చదువుకున్నది సూక్ష్మజీవుల గురించి, ఉద్యోగం నీటి పరీక్షల ప్రయోగశాలలో. పాప పుట్టాక ఆ చదువు నా మీదికే తిరగబడింది. తలుపు గడియ ముట్టుకున్నా, బస్సు సీటు మీద కూర్చున్నా నాకు మైక్రోస్కోపు కింద చూసినవే కళ్ళముందు కదిలేవి. దేవుడు కనిపించడానికి నమ్మకం కావాలి గానీ క్రిములు కనిపించడానికి నీకేమీ అక్కర్లేదు అని మా ఆయన వేళాకోళం చేసేవాడు. పాప కోసం విడిగా దుప్పటి, ఫ్లాస్కు, థర్మామీటరు, మూడు గంటలకోసారి వేడి రాసుకునే నోటు పుస్తకం వెంట తెచ్చుకున్నాను.

మా జట్టులో పాప కాక ఏడుగురం. చుట్టుపక్కల బస్తీల్లో బావులు, బోర్ల నీళ్ళు పరీక్షించి, నీళ్ళు నిలవచేసే పద్ధతి ఇంటింటికీ చూపించాలి. సాయంత్రాలు పిల్లలను కూర్చోబెట్టి పాటలు, కథలు చెప్పాలి. తొమ్మిది రోజుల పని. బయల్దేరే ముందు మాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. అందులో మేం అందరం బట్టీపట్టిన సూత్రం ఒకటుంది. మనం సేవ చేయడానికి వెళ్తున్నాం, చేయించుకోవడానికి కాదు. దిగిన ఇంట్లో ఎవరికీ శ్రమ కలిగించకూడదు. మా లీడరన్న ఆ మాటను భోజనానికి ముందు ప్రార్థనలా రోజూ గుర్తుచేసేవాడు.

అందుకే మొదటి రోజు పొద్దున్నే ఏడుగురం ఏడు దుప్పట్లు దులిపి, అంచుకు అంచు కలిపి మడిచి, దిండు మీద పెట్టాం. పిన్ని షరతు మాకు మర్యాద మాటగా అనిపించింది. వద్దన్నా చేస్తేనే కదా సేవ.

మేం టీ తాగుతుండగా ఆమె గదిలోకి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు. పాప పాలసీసా కోసం నేను వెళ్ళేసరికి ఒక మంచం దగ్గర నిలబడి, మడిచిన దుప్పటి మీద అరచెయ్యి ఆనించి ఉంది. నన్ను చూసి చెయ్యి తీసేసింది. ఆవిడకు మా మడతలు నచ్చలేదేమో, ఆసుపత్రి పద్ధతి వేరేమో అనుకున్నాను. ఎందుకంటే ఆమె ఆసుపత్రి మనిషి అని అప్పటికే విన్నాను.

ఆమె సంగతులు కొన్ని పాస్టర్‌గారు చెప్పారు, కొన్ని తర్వాత ఆమే చెప్పింది. పద్నాలుగో ఏట ఒక పెద్దాసుపత్రి లాండ్రీలో చేరింది. రోజుకు మూడు వందల దుప్పట్లు. ఏ వార్డు నుంచి ఏ మూట వచ్చిందో ముడి విప్పకుండా చెప్పేది. పిల్లల వార్డులో పక్కలు తీసి మూట కట్టడం కూడా ఆమె వంతు. అక్కడ ఎనిమిదేళ్ళు చేశాక మిషను వ్యాను నడిపే డ్రైవరుతో పెళ్ళయింది. ఆయన వెంట ఆరేళ్ళు ఊళ్ళు తిరిగింది. ఆయన పోయాక, ఒక చెల్లెలు తప్ప ఎవరూ లేని, తనకంటూ ఇల్లు లేని మనిషికి పాస్టర్‌గారు ఈ మూడు గదులు అప్పజెప్పి, వంటింటి పక్కన ఉన్న చిన్న గది ఉండడానికి ఇచ్చారు. గదీ, రెండు పూటలా తిండీ, కొద్దిపాటి జీతం. ఆ పని ఉన్నన్నాళ్ళే ఆ గది. పక్కలు వేయడం, తీయడం, ఉతకడం, దండెం మీద ఆరేయడం, తిరిగి వేయడం. ఆమె జీవితం ఇంతే అని చెప్పేయొచ్చు.

కానీ ఆమె చేసే పని ఉతకడం కాదు. ఉతికే ముందు చదివేది. ఒకసారి ఒక ప్రసంగీకుడు వచ్చి నాలుగు రోజులున్నాడట. గలగలా మాట్లాడే మనిషి, అందరినీ నవ్వించేవాడు. మూడో రోజు పిన్ని పాస్టర్‌గారి దగ్గరికి వెళ్ళి, ఆయన్ని ఇంటికి పంపించేయండి అంది. దిండు పైన పొడిగా ఉంది, కింద తడిగా ఉంది, రోజూ తిప్పి పెడుతున్నాడు అని చెప్పింది. పాస్టర్‌గారు పక్కకు తీసుకెళ్ళి అడిగితే, తల్లి మంచం పట్టిందనీ, ఒప్పుకున్న కూటాలు వదిలి వెళ్ళలేకపోతున్నాననీ చెప్పి ఏడ్చాడట. ఆ రోజే బండెక్కించారు. తల్లి కన్ను మూయకముందే చేరుకున్నాడు.

"మనిషి మొహం కడుక్కుని వచ్చి కూర్చుంటాడు," అనేది పిన్ని. "పక్క మొహం కడుక్కోదు."

నడుం నొప్పి ఉన్నవాడి మంచం మీద రెండో రోజుకు గట్టి పరుపు వచ్చేది. దగ్గుతో లేచి కూర్చునేవాడికి దిండు మీద దిండు. ఇంటి మీద బెంగ పట్టినవాళ్ళకు ఏ కారణం చెప్పకుండా వంటింట్లో తన పక్కన పీట వేసేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. అడిగితే అంతా బాగుందనే చెప్తారని ఆమెకు తెలుసు.

ఇదంతా నాకు తెలిసేసరికి మేం నాలుగు రోజులు మడిచేశాం.

మొదటి సాయంత్రం ఆమె పాప కోసం గోరువెచ్చటి నీళ్ళు చెంబుతో తెచ్చి ఇచ్చింది. నేను నవ్వి తీసుకున్నాను. ఆమె వెళ్ళాక గోడ వెనక పారబోసి, ఫ్లాస్కులోవి పట్టాను. మర్నాడు అదే వేళకు ఆమె చెంబు తేలేదు. కిరసనాయిలు స్టవ్ మోసుకొచ్చి మా గది ముందు అరుగు మీద పెట్టింది. గిన్నెలో నీళ్ళు పోసి వెలిగించి, నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమంది.

"ఎంతసేపు మరగాలో నువ్వే చెప్పు అమ్మాయ్. నీ కళ్ళముందే చేస్తాను."

గోడ వెనక తడి ఆమె చూసిందని అర్థమై నా చెవులు వేడెక్కాయి. ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె విననట్టు మంట సరిచేసింది. భయపడే తల్లులను పిల్లల వార్డులో చాలామందిని చూశాననీ, భయపడని వాళ్ళను చూస్తేనే తనకు భయమనీ అంది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆ అరుగు మీద నీళ్ళు మరిగేవి. నేను వాచీ చూసేదాన్ని. ఆమె పాపకు గరిటె ఇచ్చి ఆడించేది. ఆ నీళ్ళు పట్టాను, కానీ పాపను ఆమె ఒళ్ళో వదలడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది.

నాలుగో రోజు తెల్లవారుజామున పాప పక్క తడిపింది. అందరూ లేచేలోగా ఆ దుప్పటి, మా రెండు దుప్పట్లు సబ్బు పెట్టి ఉతికి దండెం మీద వేసేశాను. పిన్నికి పని తగ్గించానని తృప్తిగా ఉంది. ఆమె చీపురు పట్టుకుని బయటికి వచ్చి, నీళ్ళు కారుతున్న దుప్పట్లు చూసి ఆగిపోయింది.

"పాప పక్క ఏది?"

చూపించాను. దగ్గరికి వెళ్ళి తడి గుడ్డను రెండు చేతులతో పట్టుకుంది. అక్షరాలు చెరిపేసిన పలకను పట్టుకున్నట్టు అటూ ఇటూ తిప్పింది. రాత్రి పిల్ల ఎలా పడుకుందని అడిగింది. బాగానే పడుకుందన్నాను. నా నోటు పుస్తకంలో ఆరు గంటలకు వేడి మామూలుగానే ఉంది.

ఆ రోజు పాపను ఎత్తుకుని ఎండలో మూడు బస్తీలు తిరిగాను. రెండో బావి దగ్గరే ఒళ్ళు కాలడం మొదలైంది. మధ్యాహ్నం మేం తిరిగొచ్చేసరికి నూట మూడు. మా ఆయన డాక్టరు కోసం వెళ్ళాడు. నేను సీసా మూత తప్పు వైపు తిప్పుతూ ఉన్నాను. పిన్ని పాపను నా దగ్గర నుంచి తీసుకుంది, నేను ఇచ్చేశాను. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ, చెంచాతో కొంచెం కొంచెం నీళ్ళు పోస్తూ కూర్చుంది. డాక్టరు వచ్చి గొంతు చూసి, మందిచ్చి, భయం లేదన్నాడు. సాయంత్రానికి వేడి దిగింది. పాప ఆమె ఒళ్ళోనే నిద్రపోయింది.

అప్పుడు చెప్పింది. జ్వరం వచ్చే ముందు రాత్రి పసిపిల్లలు మంచం మీద గుండ్రంగా తిరుగుతారట. పక్క మధ్యలో దుప్పటి సుడి తిరిగినట్టు ఉంటుంది. చూసి ఉంటే పొద్దున్నే ఎండలోకి తీసుకెళ్ళొద్దని చెప్పేదాన్నంది. నాలోని చదువుకున్న మనిషి ఊరుకోలేదు. ఎన్ని పక్కలు చూసి అలా అంటున్నావని అడిగాను. ఆమె నొచ్చుకోలేదు. ఎనిమిదేళ్ళు, రోజుకు నలభై యాభై పిల్లల పక్కలు అని లెక్క వేసింది. నేను మనసులో హెచ్చవేసి చూసుకున్నాను. అంత పెద్ద నమూనా మీద మా ప్రయోగశాలలో ఎవరూ పని చేయలేదు.

"మడవొద్దని ఎందుకన్నాను అనుకున్నావ్?" అంది. పాప నిద్ర చెదరకుండా గొంతు తగ్గించింది. తర్వాతి సంగతంతా అంతే నెమ్మదిగా, బట్టలు ఆరేస్తూ చెప్పినట్టు చెప్పింది.

ఇరవై నాలుగేళ్ళ వయసులో, పెళ్ళయిన రెండో ఏడు, భర్త నడిపే వ్యానులో సువార్త జట్టుతో వెళ్తోంది. కడుపుతో ఉంది, నాలుగో నెల. వానకు దారి తెగి ఒక ఇంట్లో తలదాచుకున్నారు. ఆ ఇంటావిడకు ఒకటే మంచం. పిన్నిని చూడగానే ఆ మంచం ఇచ్చేసి, తాను ముగ్గురు పిల్లలతో నేల మీద పడుకుంది. రాత్రి పిన్నికి దుప్పటి మీద కొంచెం నెత్తురు కనిపించింది. పరాయి ఇల్లు, ఉన్న ఒక్క మంచం, ఉన్న ఒక్క మంచి దుప్పటి. సిగ్గుతో చచ్చిపోయానంది. చీకటితోనే లేచి, మరక ఉన్న చోట ఉతికి, మరక లోపలికి పోయేట్టు మడిచి పెట్టి, ఇల్లు ఊడ్చి, నీళ్ళు తోడి నింపింది. ఇంటావిడ లేచి చూసి మెచ్చుకుంది కూడా. ఎంత బుద్ధిమంతురాలమ్మా, ఇంట్లో మనిషి ఉన్నట్టే తెలియలేదు అంది. తెల్లారాక గతుకుల దారిలో వ్యాను కదిలింది. రెండు రోజుల తర్వాత కడుపు పోయింది. మళ్ళీ నిలవలేదు.

"ఏడాదికి మళ్ళీ అటు వెళ్ళాం. ఆవిడ మంత్రసాని అట. ఆ చుట్టుపక్కల పిల్లలందరినీ ఆమే నేలకు దించింది. నేను చెప్పగానే ఆ మంచం మీదే కూలబడింది. మడవకుండా వదిలేసి ఉంటే చూసేదాన్ని కదమ్మా, నిన్ను వ్యాను ఎక్కనిచ్చేదాన్నా అని ఒకటే ఏడుపు. నా కంటే ఆమె ఎక్కువ ఏడ్చింది."

పిన్ని పాప నుదుటి మీద జుట్టు తోసింది.

"ఇంటికొచ్చిన మనిషి తిని పడుకుని వెళ్ళిపోతే ఏం తెలుస్తుంది అమ్మాయ్. మీరు ఏడుగురు, ఇదొకత్తి. నాలుగు రోజులైంది. ఒక్కళ్ళూ తెలియలేదు నాకు. ఒక్క రోజు వదిలేయమని మీ అన్నకు చెప్పు."

చెప్తానన్నాను. మర్నాడు పొద్దున పాప పక్క మడవలేదు. లీడరన్నకు మాత్రం చెప్పలేదు. పాప జ్వరంతో నేను రెండు రోజులు పనికి వెళ్ళలేదు, జట్టుకు బరువయ్యానన్న నామోషీ ఒకటి. వేరేవాళ్ళ పక్కల మరకలు చదివే అలవాటు గురించి ఏడుగురి మధ్య ఎలా చెప్పడం అన్నది ఇంకొకటి. చెప్తే అయిపోయే మాట. రేపు చెబుదామనుకుంటూ తొమ్మిదో రోజు వచ్చేసింది.

వెళ్ళే రోజు లీడరన్న పిన్నికి కానుక ఇద్దామన్నాడు. ఆమెకు ఒక్క రోజు పూర్తి విశ్రాంతి. మేం మంచాలన్నీ విప్పేశాం. పదకొండు దుప్పట్లు, పదకొండు దిండు గలీబులు, తువ్వాళ్ళు, కిటికీ తెరలు కూడా. ఇద్దరు ఉతికారు, ఇద్దరు పిండారు, మిగతావాళ్ళు ఆరేశారు. పాటలు పాడుకున్నాం. పిన్ని రెండుసార్లు బకెట్టు దగ్గరికి వచ్చింది, రెండుసార్లూ నవ్వుతూ భుజాలు పట్టుకుని తీసుకెళ్ళి మెట్టు మీద కూర్చోబెట్టాం. మూడోసారి రాలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, దండెం వైపు చూస్తూ కూర్చుంది. ఎన్నేళ్ళకు తీరిగ్గా కూర్చుందో అని మా జట్టులో ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

అతిథుల పుస్తకంలో ఎవరో ఒకరు రాయాలి. నా చేతిరాత బాగుంటుందని నాకిచ్చారు. సంఘం వారి ప్రేమను కొనియాడాను. పిన్ని గురించి మూడు వాక్యాలు రాశాను. ఈ వయసులోనూ ఆమె చూపిన ఆదరణ మరువలేనిదన్నాను. ఆమెకు ఏ శ్రమా కలగకుండా మా పనులన్నీ మేమే చేసుకున్నామనీ, ఆమె అవసరం లేకుండానే తొమ్మిది రోజులు గడిపే కృప దేవుడు ఇచ్చాడనీ రాశాను. ఇంత సేవ చేసిన ఆ చేతులకు ఇకనైనా విశ్రాంతి దొరకాలని మా ప్రార్థన అని ముగించాను.

పిన్ని చదవగలదు గానీ కూడబలుక్కోవాలి. నన్నే చదివి వినిపించమంది. చదివాను.

"నేనేమీ చేయలేదని రాశావన్నమాట," అంది.

అయ్యో అదేం కాదు పిన్నీ అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయంది. వ్యాను దాకా పాపను ఎత్తుకొచ్చి, రాత్రి ఎలా పడుకుందో పొద్దున్నే చూడటం మరిచిపోకు అని నా చేతికి ఇచ్చింది.

పది నెలల తర్వాత అవే బావుల నీళ్ళు మళ్ళీ పరీక్షించడానికి మేం ముగ్గురమే వెళ్ళాం. పాపకు రెండేళ్ళు. పిన్ని కోసం మెత్తటి చెప్పులు కొన్నాను, తడి నేల మీద జారనివి. తాళాలు ఆఫీసులో తీసుకోమని కాపలాదారు చెప్పాడు. గది గోడ మీద అట్ట తగిలించి ఉంది. అతిథులు తమ దుప్పట్లు తామే తెచ్చుకోవలెను. వెళ్ళునప్పుడు గది శుభ్రపరచి తాళము అప్పగించవలెను. వంటింటి పక్క చిన్న గది తలుపు తీసి చూశాను. ప్లాస్టిక్ కుర్చీలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

సంఘం సెక్రటరీగారు మంచి మనిషి. నన్ను చూసి సంతోషంగా లేచి నిలబడ్డారు, అతిథుల పుస్తకం బీరువాలోంచి తీశారు. నేను రాసిన పేజీలో గుర్తుకు రిబ్బను పెట్టి ఉంది. కమిటీలో చదివి వినిపించారట. అది విన్నాకే మా కళ్ళు తెరుచుకున్నాయమ్మా అన్నారు. బయటివాళ్ళు వచ్చి చెప్పేదాకా ఆ పెద్దావిడ చేత చాకిరీ చేయిస్తున్నామన్న ఆలోచనే తమకు లేకపోయిందట. పాస్టర్‌గారు అప్పటికే బదిలీ మీద వెళ్ళిపోయారు. కమిటీవాళ్ళే పిన్నికి శాలువా కప్పి, ప్రార్థన చేసి, చెల్లెలి ఇంటికి కారులో పంపించారు.

ఆమె ఏమందని అడిగాను.

"జీతం వద్దు, గది ఉంటే చాలు, చేతనైనన్నాళ్ళు చేస్తానంది. కమిటీ ముందుకు రెండుసార్లు వచ్చింది పాపం. అలా చేయించుకుంటే పాపం కాదా అమ్మా? మీరే రాశారుగా."

ఆ పేజీ కిందే రాయడానికి కూర్చున్నాను. ఆమె ఏం చేసేదో, నేను ఎంత తప్పు రాశానో, ప్రసంగీకుడి దిండు, పాప జ్వరం, అన్నీ రాశాను. రెండు పేజీలయ్యాయి. సెక్రటరీగారు ఓపిగ్గా చదివారు. చదివి కళ్ళద్దాలు తీసి, వచ్చే కమిటీలో పెడతానన్నారు. దుప్పట్లన్నీ అనాథాశ్రమానికి ఇచ్చేశామనీ, పడకల పద్ధతే మారిపోయిందనీ మెల్లగా చెప్పారు. ఆ తర్వాత మూడు ఉత్తరాలు రాశాను. కమిటీలో పెట్టామనే జవాబిచ్చారు.

చెల్లెలి ఇల్లు బస్సులో రెండు గంటల దూరం. ముందు గదిలో టీవీ పక్కన గోడవారగా ఒక మంచం. పిన్ని దాని మీద కూర్చుని ఉంది. చిక్కింది. చూడగానే చేతులు గుర్తుపట్టలేకపోయాను. వేళ్ళు పొడిగా, నున్నగా ఉన్నాయి.

నేను ఏడుస్తుంటే ఆమెకు విసుగొచ్చింది. తప్పు నీ ఒక్కదానిది కాదులే, నువ్వు రాస్తే మాత్రం వాళ్ళు వినాలనుందా అంది. తర్వాత కాసేపటికి, నువ్వు చదివి వినిపించినప్పుడే నేను గట్టిగా చెప్పాల్సింది, అతిథి రాసినదాన్ని కొట్టేయమనడం బాగుండదని ఊరుకున్నాను అంది. మేమిద్దరం మర్యాద కోసమే ఊరుకున్నాం. చెప్పులు తొడుక్కుని చూసుకుంది. బాగున్నాయి, జారవు అంది. ఆ ఇంట్లో ఆమె జారేంత తడి నేల ఎక్కడా లేదు.

చెల్లెలి కోడలు భోజనం పెట్టింది. ఇంటి పని, బయట ఉద్యోగం రెండూ చేసుకునే పిల్ల, ముఖంలో విసుగు లేదు. పెద్దత్త మాకసలు భారమే కాదండీ అంది నాతో. అందరికంటే ముందే లేచి పక్క మడిచి మంచం కింద పెట్టేస్తుంది, ఇంట్లో మనిషి ఉన్నట్టే తెలియదు అంది. పిన్ని తల వంచుకుని పాప పళ్ళెంలో మెతుకులు ఏరుతోంది.

మధ్యాహ్నం పాపకు నిద్ర ముంచుకొచ్చింది. పిన్ని మంచం కింద నుంచి తన దుప్పటి తీసింది. ఎనిమిది మడతలు, అంచుకు అంచు. మేం మడిచినట్టే ఉంది. విప్పి పరిచి పాపను పడుకోబెట్టింది. గంటన్నర పడుకుంది పాప. లేచాక ఎత్తుకుని, అలవాటుగా నా చెయ్యి దుప్పటి కొస దాకా వెళ్ళి ఆగింది. వదిలేశాను.

పిన్ని లేచి మంచం దగ్గరికి వచ్చింది. ముందు దూరం నుంచి చూసింది. తర్వాత వంగి, తల పెట్టిన చోట అరచెయ్యి ఆనించింది. ముక్కు దగ్గరగా పెట్టింది. చాలా రోజుల తర్వాత అద్దాలు దొరికిన మనిషిలా ఉంది ఆ మొహం.

"ఎడమ పక్కకే పడుకుంది మొత్తం సేపూ. తల రుద్దింది, చూడు ఇక్కడ నలిగింది. ఈ చెమ్మ చొంగ కాదు అమ్మాయ్, చెవిది. డాక్టరుకు చూపించు. రేపనకుండా ఇవాళే చూపించు."

నా నోటు పుస్తకంలో రెండేళ్ళుగా పాప వేడి, బరువు, తాగిన పాలు, కక్కిన పాలు అన్నీ ఉన్నాయి. చెవి లేదు. ఆ సాయంత్రం డాక్టరు దీపం పెట్టి చూసి, ఎడమ చెవిలో చీము పడుతోందనీ, సమయానికి తెచ్చారనీ చెప్పాడు. అది తర్వాతి సంగతి.

అప్పుడు మాత్రం పిన్ని లేచి కొంగు బిగించి, ఈ దుప్పటి ఇప్పుడే వేడినీళ్ళలో వేయాలి, సబ్బు ఎక్కడుందమ్మా అని కోడలిని పిలిచింది. పది నెలల తర్వాత ఆ గొంతు నాకు మళ్ళీ మొదటి సాయంత్రం తాళాల గుత్తితో విన్న గొంతులా వినిపించింది. కోడలు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"మీకెందుకు పెద్దత్తా ఈ శ్రమ. వాషింగ్ మిషన్‌లో పడేస్తే పోతుంది," అని ప్రేమగానే అంది. దుప్పటి ఒక్క లాగుతో తీసి, దులిపి, ఉండచుట్టి తీసుకెళ్ళిపోయింది. లోపల మిషన్ మూత పడిన చప్పుడయింది.

నేను ఏదో అనబోయాను. పిన్ని వద్దన్నట్టు తల ఊపింది. ఇంకొకరి ఇల్లు.

బట్ట లేని పరుపు మీద కూర్చుని ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఆమె అలా కూర్చోవడం నేను ఇంతకుముందు ఒకసారి చూశాను, దండెం మీద పదకొండు దుప్పట్లు ఆరుతున్న రోజు. అప్పుడు దాన్ని విశ్రాంతి అనుకున్నాను.